చిన్న పడవయా, పెద్ద పడవయా?



నేడు నేను చెప్పబూనిన విషయము పడవ. పరుపుబండలకును, ఆముదపుచేలకును, ఎండిన చెరువులకును పేరుపడిన మన నల్లగొండ, పాలమూరు సీమలలో పడవ ప్రసంగమేమని కొందరు నవ్వుకొనవచ్చును. వానమబ్బుకొరకు ఆకాశమువంక చూచుటయే మన పూర్వులు మనకు నేర్పిన విద్యగాని, తెడ్డు పట్టుట కాదని వారి భావము కావచ్చును. కాని కృష్ణవేణి మన సీమకు దక్షిణపు టెల్లయై ప్రవహించుచున్నది గదా! మక్తలు ప్రాంతమున మన నేల త్రొక్కి, బీచుపల్లి దాటి, ఆలంపురము దిగువను తుంగభద్రను కలుపుకొని, సోమశిల మీదుగా నల్లమల కొండలలో దూరి, శ్రీశైలమును నాగార్జునసాగరమును గడచి, వాడపల్లికడ మూసీని చేర్చుకొని, మట్టపల్లి నరసింహస్వామి పాదములు కడిగి ముందునకు సాగిపోవుచున్నది. ఇంత పొడవున ఆ తల్లి యొడ్డున బ్రతుకు గ్రామములవారికి పడవ వేడుక వస్తువు కాదు, బండివంటిది, నాగలివంటిది.

నేను ముప్పదియేండ్లకు పైగా ఆ తీరపు బడులలో పిల్లలచేత అక్షరములు దిద్దించినవాడను. నా తరగతులలో సగముమంది వలలు పట్టు ఇండ్ల బిడ్డలు. వారిలో ఇద్దరు అన్నదమ్ములు, నేను కొలువు విడిచి ఇంట కూర్చున్న పిమ్మట, ఒకనాటి ప్రొద్దున నా యింటికి వచ్చిరి. ఒకే త్రోవను వచ్చియు, ఒకడు అరుగుకు ఈ కొనను, మరియొకడు ఆ కొనను కూర్చుండిరి. అప్పుడే నాకు వారి మధ్య ఏదో పొరపొచ్చెము కలదని తోచినది.

సంగతి యేమన, వారి యూరి మత్స్యకారులు ఇరువది యిండ్లవారు కలసి ఒక పడవ కొనవలెనని నిశ్చయించుకొనిరి. ఆడువారి పొదుపు సంఘమునుండి కొంత, బ్యాంకు ఋణము కొంత, మిగిలినది ఇంటింటి చందా. పెద్దవాడు గదులుగల పెద్ద లాంచీ కొనవలెననుచున్నాడు. అందు ముప్పదిమంది కూర్చుండవచ్చును. ఎండకు వానకు పైకప్పు కలదు. రెండు గదులలో పడకలున్నవి. యాత్రికులను ఎక్కించుకొని నల్లమల నడుమగా శ్రీశైలము చేర్చి, రాత్రి అందే పండుకొని మరునాడు తిరిగిరావచ్చును. చిన్నవాడు దారపు నార వంటి గాజుపీచుతో పోతపోసిన సన్నని పడవ కొనవలెననుచున్నాడు. దాని వెనుక అంచున యంత్రము తగిలించుదురు, పదిమందికి చోటు, గదులు లేవు, కప్పు లేదు, కాని విడిచిన బాణమువలె పోవును. ప్రొద్దున పోయి ప్రొద్దు క్రుంకకముందే ఇల్లు చేరవచ్చును. వారు తెచ్చిన లెక్కలనుబట్టి పెద్దదాని ధర చిన్నదానికి నాలుగింతలు.

ఈ మాటమీద ఊరు రెండు పక్షములైనది. అన్నదమ్ములు మూడు నెలలుగా ఒక పంక్తిని భోజనము చేయుట మానిరి. తుదకు తల్లి కంటనీరు పెట్టుకొని, ‘మీకు చదువు చెప్పిన సారును అడుగుండ్రి, ఆయన ఏమంటే అదే’ యని పంపినదట. ‘సారూ, మీరెట్ల చెప్తే అట్ల’ అని ఇద్దరును చేతులు జోడించిరి. నాకు గుండె ఝల్లుమన్నది. సంధులు, సమాసములు, తిథి వార నక్షత్రములు అడిగినచో చెప్పగలనుగాని, ఇరువది యిండ్ల అప్పు నా నోటిమాటమీద ఆధారపడుట నే నెన్నడు నెఱుగను. పదునైదు దినములు గడువు కోరితిని.

పండితుడైనవాడు ముందుగా చేయునది పుస్తకము తెఱచుట. నేనును అదే చేసితిని. ధారానగర ప్రభువైన భోజరాజు పేర యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమొకటి కలదు. రాజులకు కావలసిన నానావస్తువుల లక్షణములు అందున్నవి. నౌకల లక్షణమును కలదు. నదులలో నడచు నావలు సామాన్యములనియు, సముద్రమున నడచునవి విశేషములనియు విభజించి, సామాన్యములలో క్షుద్ర, మధ్యమ, భీమ, చపల మొదలుగా పది భేదములు చెప్పినాడు. వానిలో భీమ, భయ, గర్భర యను మూడును శుభప్రదములు కావని హెచ్చరించినాడు. పిదప గదులనుబట్టి మఱి మూడు భేదములు: నావయంతట గదులున్నచో సర్వమందిర, నడుమ నున్నచో మధ్యమందిర, ముందుభాగమున నున్నచో అగ్రమందిర. ధనాగారమును, గుఱ్ఱములను, స్త్రీలను కొనిపోవుటకు సర్వమందిరము తగినదనియు, రాజుల విహారమునకును వానకాలమునకును మధ్యమందిరము తగినదనియు, వానలు వెలిసిన పిమ్మట దూరప్రయాణములకును యుద్ధములకును అగ్రమందిరము తగినదనియు నిర్ణయించినాడు.

నేను దీనిని చదివి మిక్కిలి సంతసించితిని. ఏలయన, ఏది గొప్ప పడవయని ఆ గ్రంథకర్త ఎచ్చటను చెప్పలేదు. ఏ పనికి ఏది, ఏ ఋతువునకు ఏది యనియే చెప్పినాడు. వేయియేండ్ల నాటి యీ వివేకము మనకును చాలునని తోచినది. అయినను దాచుకొనక చెప్పవలెను: నా మనస్సు లోలోపల పెద్ద లాంచీవైపే మొగ్గుచుండెను. ఈ వయస్సున వాన తాకని చోటు, కాళ్లు చాపుకొను చోటు ఎవరికి వలదు? పైగా నా శిష్యుల యూరికి అంత పెద్ద పడవ యున్నదనగా ఎంత గౌరవము!

కావున వారి యూరికి పోయి మూడు దినములు నీటియొడ్డున కూర్చుంటిని. అక్కడ మొదట నా కంటబడినవి పుట్టులు. వెదురుబద్దలతో అల్లిన గుండ్రని బుట్ట. వెలుపల పూర్వము పశువుల తోలు కప్పెడివారు, ఇప్పుడు తారు పూసిన గుడ్డయో, ప్లాస్టిక్ పట్టాయో కప్పుచున్నారు. దీనినే కొందరు హరిగోలందురు. సుమారు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పాయెసను పోర్చుగీసువాడు ఆనెగొంది రేవున ఇట్టి గుండ్రని బుట్టపడవలను చూచి, బెత్తముతో అల్లి వెలుపల తోలు కప్పినవనియు, పదునైదుగురో ఇరువదుగురో ఎక్కుదురనియు, నడచునప్పుడు గిరగిర తిరుగుచుండుననియు వ్రాసికొన్నాడు. ఆ తరువాతి శతాబ్దమున వజ్రముల వర్తకము చేయ వచ్చిన ఫ్రెంచివాడు టావర్నియేయును ఎద్దుతోళ్లు కప్పిన పెద్ద బుట్టలవంటి పడవలతో కృష్ణను దాటుటను వర్ణించినాడు. రాజ్యములు పోయినవి, వజ్రపు గనులు పోయినవి. పుట్టి మాత్రము పోలేదు. అది ఏల నిలిచినదో యోచింపుడు. అరచేయి లోతు నీటిలోను తేలును. రాతికి తగిలినచో విఱుగక వంగును. చినిగినచో ఇంటివారే కుట్టుకొందురు. పని తీఱగనే నెత్తిన పెట్టుకొని ఇంటికి పోవుదురు. మన నదికి సరిపోయిన పడవ కనుక అది నిలిచినది. క్రొత్త పడవ కొనువారును ఈ పరీక్షలోనే నెగ్గవలెను.

ఇక నా సొంత సంగతి యొకటి చెప్పకతప్పదు. దీనిని బహిరంగముగా చెప్పుట ఇదియే మొదలు. నేను క్రొత్తగా కొలువున చేరిన యేండ్లలో, శ్రీశైలపు జలాశయము నిండి నది సముద్రమువలె విస్తరించిన పిమ్మట, ఒక ఆదివారమున కొందఱు పిల్లలను వెంటబెట్టుకొని ఆవలియొడ్డున గుడి చూపుటకు పయనమైతిని. పడవ నడపువాడు, ‘సారూ, ఇంక ఇద్దరిని దించుండ్రి, బరువైతది’ యన్నాడు. దిగుమన్న యిద్దరును ఏడ్పు మొగము పెట్టిరి. నేను జాలిపడి, ‘చిన్నపిల్లలు, ఎంత బరువుందురు, కూర్చోనిమ్ము’ అంటిని. సారు మాట కాదనలేక వాడు తెడ్డు వేసినాడు. నడినీట గాలి లేచినది. అల యొకటి అంచుదాటి లోపలికి రాగా, పిల్లలందఱు భయముచే ఒక ప్రక్కకు ఒరిగిరి. ఒక బాలుడు నీట పడినాడు. పడవవాడు దూకి జుట్టు పట్టి వానిని పైకి తెచ్చినాడు గనుక సరిపోయినది. ఆ బాలుడు నేడు తాత యగు వయస్సునకు వచ్చుచున్నాడు. నన్ను చూచినప్పుడెల్ల నమస్కరించును. ఆ నమస్కారము నాకు ముల్లువలె గ్రుచ్చుకొనును. బరువెంతయో తెలిసినవాడు పడవవాడు; తెలియనివాడను నేను; కాని నడిచినది నా మాట. పడవల విషయమున ఇంతకంటె పెద్ద అపాయము లేదు.

నా యదృష్టము అందఱికి లభింపలేదు. 2007 జనవరిలో సింగోటము లక్ష్మీనరసింహస్వామి జాతరకు కృష్ణ దాటి వచ్చుచున్న యాత్రికుల పడవ మునిగి అరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మన ప్రాంతమున ఆ యేటి సంక్రాంతి కన్నీటితో ముగిసినది. ఆ సంగతి విన్నవారు, ‘అది చిన్న పడవ కావున మునిగినది, గదులుగల పెద్ద నౌక యైనచో భయము లేదు’ అని తలంపవచ్చును. అదియు పొరపాటే. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరుకడ మునిగినది పై అంతస్తును, మూసిన గదియును గల విహారనౌకయే. దానిని నీటినుండి వెలికి తీయుటకు నెల దాటినది. లోపలి గదిలో చిక్కినవారు బయటపడలేకపోయిరి. చల్లగా, సుఖముగా నుండుటకు కట్టిన గోడలు ఆపత్కాలమున చెఱసాల గోడలైనవి.

కనుక పడవ నిలుకడ దేనివలన కలుగునో కొంచెము వివరింతును. బిందె నెత్తిన పెట్టుకొన్న స్త్రీని చూడుడు. బిందె చంకలోనున్నప్పుడు ఆమె నడక నిశ్చింతగా నుండును, నెత్తిమీద నున్నప్పుడు మెడ కదలనీయదు. బరువు క్రిందనున్న కొలది నిలుకడ హెచ్చు. పైకి లేచిన కొలది తక్కువ. పడవలో జనులు కూర్చున్నప్పుడు బరువు క్రింద నుండును. నిలుచున్నచో పైకి పోవును. పై అంతస్తున ఎక్కినచో మఱింత పైకి పోవును. అందఱును ఒక్కసారి ఏదో వింత చూచుటకు ఒక ప్రక్కకు పోయినచో ఎంత పెద్ద నౌకయైనను వాలును. ఇది గాక, గదుల గోడలకు గాలి తగులును. తెరచాప కట్టకున్నను ఆ గోడయే తెరచాపవలె పనిచేయును. తెరచాపనైనచో దింపవచ్చును, గోడను దింపుట యెట్లు?

చిన్న వడిగల పడవకును దోషములు లేకపోలేదు. అది వేగమందుకొన్నప్పుడు ముక్కు ఎత్తి నీటిని కోయక నీటిపై జాఱిపోవును. దాని వేగరహస్య మిదియే. కాని పదిమంది ఎక్కవలసినచోట పదునాఱుగురు ఎక్కినచో అది పైకి లేవజాలదు. నూనె మాత్రము రెట్టింపు త్రాగును. యంత్రము తగిలించు వెనుక అంచు సాధారణముగా తక్కువ యెత్తున నుండును. వడిగా పోవుచు ఒక్కసారిగా యంత్రము ఆపినచో, వెంబడించి వచ్చుచున్న దాని యలయే ఆ అంచు దాటి లోపలికి దూకును. కుఱ్ఱవాండ్రు వేడుకకు గిఱ్ఱున త్రిప్పినచో ఒడ్డున నున్నవారు చప్పట్లు కొట్టవచ్చును. పడవలోని ముసలమ్మ నీట పడును.

అయినచో రెంటిలో ఏది యెన్నవలెను? నేను సోమశిల రేవునను, నాగార్జునసాగరమునను లాంచీలెక్కి చూచినవాడను. సాగరములో 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల విజయపురి శిథిలములను కాపాడి నడిగట్టున నాగార్జునకొండమీద నుంచినారు. అచ్చటికి లాంచీయే తగినది. ఏలయన అచ్చట లోతు కలదు, నడచు దారి యొక్కటే, కట్టిన రేవు కలదు, నిత్యము జనులు వత్తురు, యంత్రము చెడినచో బాగుచేయువారు కలరు. ఈ యయిదును ఉన్నచోట పెద్ద లాంచీని ఎవరును తప్పుపట్టరాదు. నా శిష్యుల యూరిలో ఈ యయిదింటిలో ఎన్ని యున్నవి?

నేను ఇట్లు యోచించుచుండగా, మఱ్ఱిచెట్టు క్రింద వల అల్లుకొనుచున్న ఒక ముసలివాడు, ఎనుబదియేండ్లు దాటినవాడు, నా వైపు చూడకుండగనే ఒక మాట అడిగినాడు. వాని మాటలలోనే చెప్పెదను: ‘సారూ, ఆ పెద్ద దాని కింద యాడాదిల ఎన్ని దినాలు నీళ్లుంటయి?’

నేను నిరుత్తరుడనైతిని. పదునైదు దినములు గ్రంథములు త్రిప్పి, నడుమ ముప్పది ప్రశ్నలు వ్రాసికొన్నవాడను. ఈ ప్రశ్న మాత్రము వ్రాసికొనలేదు. శ్రీశైల జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. వానకాలమున నిండినప్పుడు వారి యూరి మెట్లదాక నీరు వచ్చును. వేసవికి అది 854 అడుగులకును దిగువకు పోవుట పలుమారులు జరిగినది. అప్పుడు ఏడాదిలో పెక్కు నెలలు నీట మునిగియుండు సంగమేశ్వరుని గుడి బయటపడి పూజలందుకొనును. భక్తులకు పండుగ, పడవవారికి ఎండుగ. మెట్లకును నీటికిని నడుమ మైలు పొడవున ఒండ్రుమట్టి పఱచుకొనును. మునిగిన పల్లెల గోడలు, చెట్ల మోళ్లు నీటిక్రింద చేయెత్తు లోతున కాచుకొనియుండును. పెద్ద లాంచీ కడుపు లోతుగా మునుగును. దాని చక్రము అడుగున స్థిరముగా నుండును. మోడు తగిలినచో విఱుగును. చిన్నపడవ యంత్రమునైనచో పిడి పట్టి పైకెత్తవచ్చును. నీరు తగ్గిన కొలది నలుగురు కలసి పడవను నీటివెంట ఈడ్చుకొనిపోవచ్చును. లాంచీని ఈడ్చువారెవరు?

ముసలివానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, రేవుబండమీది గుఱుతులనుబట్టి, పోయిన పది వానకాలముల జ్ఞాపకమునుబట్టి లెక్క వేసితిమి. మంచి యేట శ్రావణమునుండి మాఘమువఱకు, అనగా ఏడు నెలలు లాంచీ వారి రేవున తేలును. వానలు తప్పిన యేట మూడు నెలలు. బ్యాంకు వాయిదాలు మాత్రము పండ్రెండు నెలలును తేలుచునే యుండును. ఆ మాట ముసలివాడే అన్నాడు, నేనన్నట్లు చెప్పుకొనజాలను.

ఇంకొక సంగతి. సోమశిలకును సిద్ధేశ్వరమునకును నడుమ కృష్ణపై వంతెన నిర్మింప 2022లో కేంద్రప్రభుత్వపు అనుమతి వచ్చినది. 2007 నాటి ఘోరము జరిగినది మొదలు ఇరుదరులవారును కోరుచున్న వంతెన యది. వంతెన వచ్చుట మేలే, పుణ్యమే. కాని వంతెన వచ్చిన నాడు నది దాటింపు రాబడి తగ్గిపోవును. చేపల వేటయు, కొండల నడుమ విహారము కోరి వచ్చువారును మాత్రమే మిగులుదురు. పదేండ్ల అప్పు చేయువాడు పదేండ్ల ముందుచూపు చూడవలదా?

గడువునాడు సంఘమువారందఱు గుడి మండపమున చేరిరి. పొదుపు సంఘపు ఆడువారును వచ్చి కూర్చుండిరి. సొమ్ము వారిది గనుక వారు రావలెనని నేనే కోరితిని. నేను తీర్పు చెప్పలేదు. ముసలివాని ప్రశ్నను ముందుంచి, లెక్క చదివితిని. పెద్దవాడు చాలసేపు నేలవంక చూచినాడు. పిదప, ‘సారూ, మా నాయన పుట్టిల తడిసి తడిసి దగ్గుతోనే పోయిండు. పైకప్పున్న పడవ తేవాలని చిన్నప్పటి సంది నా కోరిక’ అన్నాడు. సభ నిశ్శబ్దమైనది. గదులమీది వాని మోజు ఆడంబరము కాదని నా కప్పుడు తెలిసినది. తెలియక మునుపు మనసులో వానిని తప్పుగా తూచినందుకు సిగ్గుపడితిని.

తుదకు నిశ్చయమైన దేమనగా: చిన్న పడవయే కొనవలెను, కాని చిన్నవాడు కోరిన సన్నని బాణము కాదు. అడుగు వెడల్పును, వెనుక అంచు ఎత్తును గలది. యంత్రము కోరినదానిలో సగము బలము గలది. ఎండవానలకు విప్పి కట్టుకొనదగిన గుడ్డకప్పు వేయింపవలెను. గాలి లేచినప్పుడు ఊడదీయవలెను. పండ్రెండు ఆసనములు, ప్రతి ఆసనముపై అంకె వ్రాయింపవలెను, పదుమూడవవాడు సాక్షాత్తు సర్పంచియైనను ఒడ్డుననే నిలువవలెను. ప్రతివానికి లైఫ్ జాకెట్టు. అది మూటగట్టి మూల పడవేయుటకు కాదు, ఒడ్డుననే తొడుగుకొని ఎక్కుటకు. చీకటిపడిన పిమ్మట ప్రాణావసరమునకు తప్ప పడవ కదలరాదు. 1917 నాటి పాత శాసనమునకు మారుగా 2021లో పార్లమెంటువారు చేసిన అంతర్దేశీయ నౌకల చట్టము ప్రకారము యంత్రపు పడవలకు నమోదును, తనిఖీయు కలవు. ఆ కాగితములు చేతికి వచ్చిన పిమ్మటనే జనులను ఎక్కింపవలెను. మిగిలిన సొమ్ములో కొంత మరమ్మతులకు దాచి, కొంత ఆడువారికి తిరిగి ఈయవలెను. ఇందు అన్న కోరిక తీఱలేదు, తమ్ముని కోరికయు తీఱలేదు. ఇద్దరును సమానముగా అసంతృప్తులైరి గనుక, తగవు మాత్రము తీఱినది.

ఇక్కడితో ముగించినచో నా మాటయే గెలిచినదని శ్రోతలు తలంతురు. కాని జరిగినది చెప్పవలెను. ఆ యేటి ఆశ్వయుజమున ఒక రాత్రి జోరున వాన. ఆవలియొడ్డున పుట్టింట నున్న ఆ యూరి కోడలి కొకతెకు నొప్పులు వచ్చినవి. అచ్చటి దారి వాగు పొంగి తెగినది. ఈవలినుండి పడవ పోవలెను. అన్నదమ్ములిద్దరును కలసి పడవను నీటిలోనికి త్రోసి, ఒకడు దీపము పట్టగా ఒకడు యంత్రము నడపగా పోయి, ఆమెను పట్టా కప్పి తెచ్చినారు. తల్లియు బిడ్డయు క్షేమము. కాని ఆమె ఆ నొప్పులలో నిలువునా తడిసినది. మరునాడు నేను పోగా పెద్దవాడు, ‘ఇల్లున్న పడవైతే ఆమె తడిసేది గాదు గదా, సారూ’ అన్నాడు. చిన్నవాడు, ‘ఇల్లున్న పడవైతే మనిద్దరం అర్ధరాత్రి నీళ్లల్లకు తోయగలుగుదుమా, అన్నా?’ అన్నాడు. నేను ఇద్దరికిని బదులు చెప్పలేదు. ఇద్దరి మాటయు నిజమే. ఒక మేలు ఎన్నుకొన్నచో ఒక మేలు విడువవలసివచ్చును; విడిచినదానిని తక్కువ చేసి మాటాడుట మాత్రము న్యాయము కాదు. ఆనాడు వారిద్దరు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుట నేను చూచితిని. వడ్డించినది వారి తల్లి.

నదీతీర గ్రామముల పెద్దలారా! మీ యూరిలోను ఇట్టి తగవు రావచ్చును; పడవ విషయమున కాకున్న, ట్రాక్టరు విషయముననో, బోరుబావి విషయముననో రావచ్చును. అప్పుడు ఏది గొప్పదని అడుగకుడు. మన దారి యేది, ఏడాదిలో పని ఎన్ని దినములు, చెడినచో బాగుచేయువాడెవడు, అప్పు తీర్చు చేయి ఎవరిది, ఆపద వచ్చినప్పుడు బయటపడు త్రోవ ఏది యని అడుగుడు. సొమ్ము పెట్టినవారిని సభకు పిలువుడు. చదువుకొన్నవాని మాట వినుడు. కాని పడవవాడు, ‘ఇద్దరిని దించుండ్రి’ అన్నప్పుడు, ఎంతటివాడు వలదన్నను, ఆ యిద్దరిని దించుడు.

సెలవు.